పాత వైఫై ప్రింటర్ కొత్త రౌటర్‌కి కనెక్ట్ అవ్వట్లేదా? పారేసే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదే కదండీ: 2013లో కొన్న స్క్రీన్ లేని వైర్‌లెస్ లేజర్ ప్రింటర్, పాత రౌటర్‌తో ఇన్నేళ్ళూ ఏ గొడవా లేకుండా నడిచింది, మొన్న ఫైబర్ కనెక్షన్ మార్చి వైఫై 6 రౌటర్ పెట్టించుకున్న దగ్గర్నుంచి వైర్‌లెస్ లైటు మెరుస్తూనే ఉంటుంది తప్ప కనెక్ట్ అవ్వదు, షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు, పిల్లల వర్క్‌షీట్లకి రోజూ బయట జిరాక్స్ షాపుకి వెళ్ళాల్సొస్తోంది, ఏం చేయాలి అని.

ముందు సమాధానం చెప్పేస్తాను. మీ ప్రింటర్ పాడవలేదండి, కొత్తది కొనకండి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి (కొత్త రౌటర్లు 2.4, 5 అని రెండు రకాల సిగ్నల్ వదులుతాయి) విడిగా ఒక పేరు పెట్టండి, దాని సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే ఉంచండి (డబ్ల్యూపీఏ3 కలిసిన మిక్స్‌డ్ మోడ్ వద్దు), ప్రింటర్‌ని ఆ పేరుకి కలపండి, కలిశాక రౌటర్‌లో దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని డోర్ నంబరు లాంటిది) ఫిక్స్ చేయండి. నా దగ్గరికొచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం ఇంతటితో అయిపోతాయి. నేను గుంటూరులో పద్నాలుగేళ్ళుగా ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ ప్రింటర్లు, నెట్‌వర్కులు చూస్తున్నాను, ఫైబర్ కనెక్షన్లు మారిన ప్రతిసారీ ఇదే ఫోను వస్తుంది, బాగా నడిచే ప్రింటర్లు పాత సామాన్లవాడికి పోతుంటే చూడలేక ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే మీరే సరిచేసుకోగలరు. ఆ కాలం ప్రింటర్లలో వైఫై చిప్ 802.11బి, జి, మహా అయితే ఎన్ రకం, అవన్నీ దాదాపు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, 5 గిగాహెర్ట్జ్ అనేది ఒకటుందని కూడా వాటికి తెలీదు. కొత్త రౌటర్లేమో రెండు బ్యాండ్లకీ కలిపి ఒకే పేరు చూపిస్తాయి, ఏ పరికరం దేంట్లో ఉండాలో రౌటరే తోస్తూ ఉంటుంది, స్మార్ట్ కనెక్ట్ అనో బ్యాండ్ స్టీరింగ్ అనో పేరుంటుంది దానికి. ఫోన్లకి అది బాగానే ఉంటుంది. ప్రింటర్ 2.4లో చేరబోతే రౌటర్ ముందు ఆగమంటుంది, 5కి వస్తుందేమోనని చూస్తుంది, ఈలోపు ప్రింటర్ ఓపిక అయిపోయి వదిలేస్తుంది.

రెండోది సెక్యూరిటీ, అసలు గొడవ ఎక్కువగా ఇక్కడే. డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో, డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. మీ ప్రింటర్ 2013ది, దానికి డబ్ల్యూపీఏ3 అంటే ఏంటో తెలిసే అవకాశమే లేదు. ఒట్టి డబ్ల్యూపీఏ3 పెడితే ఎలాగూ కలవదు. మిక్స్‌డ్ మోడ్ పెడితే పాతవి కూడా కలవాలి, రూల్ ప్రకారం అంతే, కానీ కొన్ని పాత ప్రింటర్ల ఫర్మ్‌వేర్ (లోపలుండే సాఫ్ట్‌వేర్) ఆ రెండూ కలిసొచ్చిన సిగ్నల్ చూసి తికమకపడి పాస్‌వర్డ్ తప్పు అనేస్తుంది. పాస్‌వర్డ్ కరెక్టే ఉంటుంది, మనం పదిసార్లు కొట్టి కొట్టి విసిగిపోతాం. దాని పక్కనే పీఎంఎఫ్ అని, వైఫై నియంత్రణ సంకేతాలకి రక్షణ ఇచ్చే ఇంకో సెట్టింగ్ ఉంటుంది, అది "రిక్వయిర్డ్" లో ఉంటే పాత ప్రింటర్ చస్తే కలవదు, 2.4 వరకు దాన్ని డిసేబుల్ చేయండి. మీ ఫోన్లు, లాప్‌టాప్‌లు వాడే 5 గిగాహెర్ట్జ్ పేరుకి డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచుకోవచ్చు, దాన్ని కదపక్కర్లేదు.

ఇక్కడ అందరూ అడిగే డౌటు ఒకటి. "ప్రింటర్ 2.4లో, నా లాప్‌టాప్ 5లో ఉంటే ప్రింట్ ఎలా వస్తుంది?" అని. వస్తుందండీ. ఇంటికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం రెండూ ఉంటాయి, ఎటునుంచి వచ్చినా చేరేది అదే ఇంట్లోకి కదా, ఇదీ అంతే. రెండు పేర్లూ ఒకే రౌటర్‌వి, ఒకే నెట్‌వర్క్‌లోకి తీసుకొస్తాయి. ప్రింట్ కొట్టిన ప్రతిసారీ లాప్‌టాప్ వైఫై మార్చక్కర్లేదు. ఒక్క సెటప్ చేసేటప్పుడు మాత్రం కొన్ని కంపెనీల యాప్‌లు ఫోను కూడా 2.4లోనే ఉండాలంటాయి, ఆ పది నిమిషాలు మార్చుకుని తర్వాత మళ్ళీ మామూలుగా వాడుకోండి.

రౌటర్‌లో ఏం మార్చాలి: బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొట్టండి, మామూలుగా 192.168.1.1 ఉంటుంది, జియో ఫైబర్ వాళ్ళకి 192.168.29.1, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద లాగిన్ ఉంటుంది. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో ముందు స్మార్ట్ కనెక్ట్ ఆఫ్ చేయండి, అప్పుడు 2.4, 5 విడివిడిగా కనబడతాయి. 2.4లో మోడ్ బి/జి/ఎన్ మిక్స్‌డ్ పెట్టండి, ఏఎక్స్ (అంటే వైఫై 6) అని ఉంటే తీసేయండి, ఎందుకంటే ఏఎక్స్ సిగ్నల్ వస్తుంటే కొన్ని పాత పరికరాల లిస్టులో వైఫై పేరే కనబడదు. ఛానెల్ విడ్త్ 20 మెగాహెర్ట్జ్. ఛానెల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి. మన దేశంలో 12, 13 ఛానెళ్ళు కూడా వాడుకోవచ్చు కాబట్టి ఆటోలో ఉన్న రౌటర్ ఒక్కోసారి వాటిమీదికి పోతుంది, విదేశాల నుంచి తెచ్చిన ప్రింటర్లు కొన్ని 11 దాటి చూడవు. అమెరికా నుంచి కొడుకో కూతురో తెచ్చిపెట్టిన ప్రింటర్ నిన్నటిదాకా వచ్చి ఇవాళ మాయమైందంటే నేను ముందు చూసేది ఇదే.

పేరు, పాస్‌వర్డ్ సాదాగా ఉంచండి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అంతే. పేరులో ఎమోజీలు, తెలుగు అక్షరాలు, కొటేషన్ గుర్తులు వద్దు. స్క్రీన్ ఉన్న ప్రింటర్లలో ఆ చిన్న స్క్రీన్ మీద పైకీ కిందికీ బాణాలు నొక్కుతూ ఒక్కో అక్షరం ఎక్కించాలంటే ఎట్ గుర్తు, డాలర్ గుర్తు ఎక్కడున్నాయో వెతుక్కునేసరికి ప్రాణం పోతుంది. రిటైరైన ఒక టీచరు గారింట్లో పాస్‌వర్డ్ చివర ఒక స్పేస్ ఉండిపోయింది, ఎవరో కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు వచ్చిందది, ఫోన్లన్నీ క్యూఆర్ కోడ్‌తో కలిసిపోయాయి కాబట్టి ఎవరికీ తెలీలేదు, ప్రింటర్ ఒక్కటే రెండు నెలలు మూలన కూర్చుంది. ఆవిడ దుప్పటి కప్పేశారు దానిమీద. పాస్‌వర్డ్ మార్చిన ఐదు నిమిషాల్లో మనవడి బొమ్మ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించారు.

అసలు ప్రింటర్ ముట్టుకునే పని లేకుండా ఒక ఉపాయం ఉంది, ఇంకా కనెక్షన్ మార్చని వాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. కొత్త రౌటర్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి "వైఫై పేరు ఏం పెట్టమంటారు సార్" అని అడుగుతాడు కదా, అప్పుడు పాత రౌటర్‌లో ఉన్న పేరూ పాస్‌వర్డే చెప్పండి, చిన్న అక్షరం పెద్ద అక్షరంతో సహా ఉన్నదున్నట్టు. సెక్యూరిటీ కూడా డబ్ల్యూపీఏ2నే పెట్టించండి. ప్రింటర్‌కి రౌటర్ మారిన సంగతే తెలీదు, పాతదే అనుకుని తనంతట తానే కలిసిపోతుంది. ప్రింటరే కాదు, వైఫై బల్బులు, సీసీ కెమెరాలు, టీవీ, అన్నీ. మీకు పాత పేరు గుర్తుంటే 2.4కి ఇప్పుడైనా ఆ పేరే పెట్టి చూడండి.

పాత పేరు గుర్తులేదనుకోండి, మరి ప్రింటర్‌కి కొత్త పేరు ఎలా చెప్పాలి? మీది స్క్రీన్ లేని మోడల్ అన్నారు కాబట్టి రెండు దారులు.

మొదటిది డబ్ల్యూపీఎస్ బటన్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కి కలిపే పద్ధతి. రౌటర్ మీద నొక్కండి, రెండు నిమిషాల లోపు ప్రింటర్ మీద వైర్‌లెస్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మెరిసే లైటు నిలకడగా వెలిగితే అయినట్టే. రౌటర్‌లో ఒట్టి డబ్ల్యూపీఏ3 ఉన్నా, వైఫై పేరు హిడెన్ చేసి ఉన్నా ఇది పనిచేయదు, అందుకే పైవన్నీ ముందు సరిచేసుకోమన్నాను. పని అయ్యాక డబ్ల్యూపీఎస్ ఆఫ్ చేసేయండి, దాంట్లో పిన్ పద్ధతికి పెద్ద లొసుగు ఉందని 2011లోనే బయటపడింది.

రెండోది, నాకు ఎక్కువ నమ్మకమున్నది, యూఎస్‌బీ కేబుల్. ప్రింటర్ వెనక చదరపు మూతి ఉంటుంది కదా, ఆ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, కంపెనీ వెబ్‌సైట్ నుంచి మీ మోడల్ పూర్తి సాఫ్ట్‌వేర్ దింపుకుని, వైర్‌లెస్ సెటప్ అన్నది ఎంచుకుంటే కేబుల్ ద్వారానే పేరూ పాస్‌వర్డూ ప్రింటర్‌లోకి ఎక్కిస్తుంది, తర్వాత కేబుల్ పీకేయొచ్చు. పాత సీడీలో ఉన్న పద్ధతి నమ్ముకోకండి. ఆ రోజుల్లో ప్రింటర్లు సెటప్ కోసం అడ్‌హాక్ అనే, రౌటర్ లేకుండా నేరుగా కలిసే రకం వైఫై వదిలేవి, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లకి అది కనబడదు, విండోస్ 10, 11లో కూడా సరిగ్గా కలవదు, అందుకే పుస్తకంలో రాసినట్టే చేసినా అవ్వట్లేదని చాలామంది అనేది.

కలిసిందో లేదో లైటు చూసి నమ్మొద్దు, కాగితం ప్రింట్ తీసి చూడండి. చాలా మోడల్స్‌లో ఐ గుర్తున్న బటన్ గానీ, గో బటన్ గానీ, వైర్‌లెస్ బటన్ గానీ కాసేపు నొక్కి పట్టుకుంటే కాన్ఫిగరేషన్ పేజీ వస్తుంది, దీనికి నెట్‌వర్క్ అక్కర్లేదు. దాంట్లో నేను చూసేవి మూడే లైన్లు. వైఫై పేరు అన్నచోట ఏం ఉంది, పాత రౌటర్ పేరే ఉందా. సిగ్నల్ ఎంత చూపిస్తోంది. ఐపీ అడ్రస్ ఎంత. ఈ మూడోది అసలు గుట్టు విప్పేస్తుంది. 0.0.0.0 ఉంటే వైఫైకే కలవలేదు, పాస్‌వర్డో సెక్యూరిటీయో చూడాలి. 169.254తో మొదలైతే రౌటర్ దగ్గర్నుంచి అడ్రస్ అందక తనకి తానే ఒకటి పెట్టుకుందన్నమాట. 192.168తో మొదలై, మూడో అంకె (రెండో చుక్క తర్వాత వచ్చేది) కూడా మీ రౌటర్‌ది ఎంతో అంతే ఉంటే ప్రింటర్ పని పూర్తయింది, ఇంకా ప్రింట్ రావట్లేదంటే తప్పు కంప్యూటర్ వైపుంది.

మూడో అంకె అని ఎందుకన్నానంటే, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక దస్తావేజులు రాసే ఆయన దగ్గర మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. కనెక్షన్ మార్చాక ప్రింటర్ వైఫైకి కలిసింది, లైటు నిలకడగా ఉంది, ఒక్క కాగితం రాదు, బయట పార్టీలు కూర్చుని ఉన్నారు, ఆయన కంగారు చూడాలి. పేజీ తీస్తే ఐపీ 192.168.1.50 ఉంది. ఏళ్ళ క్రితం ఎవరో చేత్తో ఫిక్స్ చేసి పెట్టారది. కొత్త రౌటరేమో 192.168.29 మీద నడుస్తోంది. ప్రింటర్ పాత వీధిలో డోర్ నంబరు పట్టుకుని కూర్చుంది, కంప్యూటర్లన్నీ కొత్త వీధికి మారిపోయాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ కొట్టి, ఐపీ ఆటోమేటిక్‌కి పెట్టి, మళ్ళీ కలిపితే అయిపోయింది.

అందుకే ఐపీని ప్రింటర్‌లో కాదు, రౌటర్‌లో ఫిక్స్ చేయండి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది, కనెక్ట్ అయిన వాటి లిస్టులో ప్రింటర్‌ని ఎంచుకుని సేవ్ చేస్తే చాలు. ఇది చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గొడవే. కరెంటు రాగానే ప్రింటర్ గబుక్కున లేస్తుంది, ఫైబర్ డబ్బా, రౌటర్ లేవడానికి ఇంకా టైమ్ పడుతుంది, ఈలోపు ప్రింటర్ అడ్రస్ దొరక్క 169.254 పెట్టేసుకుంటుంది, లేదా వేరే నంబరు పట్టుకుంటుంది, కంప్యూటర్ పాత నంబరుకి పంపుతూ ఆఫ్‌లైన్ అంటుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ బాధ బాగా తగ్గుతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఆ యూపీఎస్‌కి పెట్టకండి, టోనర్ పొడిని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు అది తట్టుకోలేదు.

ఇప్పుడు కంప్యూటర్ వైపు. విండోస్ ప్రింటర్‌ని తనంతట తాను కనిపెట్టి యాడ్ చేసినప్పుడు చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్ట్ (ప్రింటర్‌కి పంపే దారి) పెడుతుంది, అదే ఈ ఆఫ్‌లైన్ రోగానికి పెద్ద మూలం. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కి వెళ్ళి, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్, అక్కడ రౌటర్‌లో మీరు రిజర్వ్ చేసిన నంబరు కొట్టండి. ఆ తర్వాత కూడా ప్రింటర్ ఆన్‌లో ఉండగా ఆఫ్‌లైన్ అంటుంటే కాన్ఫిగర్ పోర్ట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అన్న టిక్కు తీసేయండి. ఈ రెండూ చేశాక మళ్ళీ నాకు ఫోను వచ్చిన ఇళ్ళు చాలా తక్కువ.

ఇంకో మాట, ఆఫీసు లాప్‌టాప్‌లో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) ఆన్‌లో ఉంటే ఇంట్లో ప్రింటర్ కనబడకపోవచ్చు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే ఒకబ్బాయి రాత్రి ఎనిమిదింటికి పిలిపించాడు, ఉదయం బాగానే వచ్చింది అన్నా, సాయంత్రం నుంచి పోయింది అని. ఉదయం వాళ్ళ నాన్నగారి కంప్యూటర్ నుంచి తీశాడు, సాయంత్రం ఆఫీసు లాప్‌టాప్ నుంచి తీయబోయాడు. వీపీఎన్ ఆపగానే వచ్చేసింది. ఐఫోన్ వాళ్ళయితే ప్రింటర్ కంపెనీ యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇచ్చారో లేదో చూడండి, అది ఐఓఎస్ 14 నుంచి అడుగుతోంది.

గెస్ట్ వైఫైకి మాత్రం ప్రింటర్‌ని కలపకండి. గెస్ట్‌లో ఉన్నవాటిని ఒకదానికొకటి కనబడకుండా రౌటరే విడదీస్తుంది. అలాగే ఫైబర్ వాళ్ళిచ్చిన డబ్బాకీ వైఫై ఉండి, దాని వెనక మీ సొంత రౌటర్ కూడా ఉంటే, ప్రింటర్ ఒకదానికి, లాప్‌టాప్ ఒకదానికి కలిస్తే అవి వేర్వేరు నెట్‌వర్కులు, వెతికితే దొరకదు. డబ్బాలో వైఫై ఆఫ్ చేసి అన్నీ మీ రౌటర్‌కే పెట్టుకోండి.

ప్రింటర్ ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. మన ఇళ్ళల్లో ఇనప బీరువా పక్కనో, దాని పైనో పెడతారు. ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, బీరువాకి అద్దం ఉంటే ఇంకా అన్యాయం. రెండు మూడు అడుగులు పక్కకి జరిపినందుకే బాగుపడినవి చూశాను.

ఫోన్ నుంచి ప్రింట్ సంగతి. గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది, దాన్ని నమ్ముకున్న పాత ప్రింటర్లకి ఆ దారి మూసుకుపోయింది. ఆండ్రాయిడ్‌లో మోప్రియా అనే ప్రింట్ యాప్ గానీ మీ కంపెనీ ప్రింట్ ప్లగిన్ గానీ వేసి చూడండి. రెండూ పట్టుకోకపోతే కంప్యూటర్ ద్వారా తీసుకోవాల్సిందే, లేదా రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద కప్స్ అనే ప్రింట్ సాఫ్ట్‌వేర్ వేసి ప్రింటర్‌ని దానికి కేబుల్‌తో తగిలిస్తే ఫోన్లకీ కనబడుతుంది, మీ మోడల్‌కి లైనక్స్ డ్రైవర్ ఉంటేనే సుమా.

డ్రైవర్ అన్నాను కాబట్టి, మీ ప్రింటర్ డ్రైవర్ ఫైల్ ఇవాళే దింపి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కంపెనీల ప్రింటర్ డ్రైవర్లని విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం మెల్లగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. కంపెనీ ఇచ్చిన ఫైల్ మీ దగ్గరుంటే మీరే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. విండోస్ 11లో ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అనేది ఆన్ అయితే పాత డ్రైవర్లు పనిచేయవు, అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. మీదానికంటే ఇంకా పాత ప్రింటర్లు కొన్ని వెప్ గానీ, మొదటి డబ్ల్యూపీఏ టీకేఐపీ గానీ (డబ్ల్యూపీఏ2 కంటే ముందటి సెక్యూరిటీలు) తప్ప తెలియనివి ఉంటాయి. దాని కోసం ఇంటి వైఫై మొత్తాన్ని వెప్‌కి దించకండి, పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్‌గా అస్సలు వదలకండి. వెప్‌ని నిమిషాల్లో పగలగొట్టే టూల్స్ ఎప్పట్నుంచో ఉన్నాయి. పైగా వెప్, టీకేఐపీ పెడితే ఎన్ స్పీడు పనిచేయదు, 2.4 మొత్తం 54 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. అలాంటి ప్రింటర్‌కి వెనక లాన్ సాకెట్ ఉంటే రౌటర్‌కి వైరు లాగేయండి, అంతకంటే హాయి లేదు, పాస్‌వర్డ్ గొడవే ఉండదు. రౌటర్ దూరంగా ఉంటే లాన్ సాకెట్ ఉన్న వైఫై రిపీటర్ ఒకటి ప్రింటర్ పక్కన పెట్టి చిన్న వైరుతో కలపండి, రిపీటర్ కొత్త వైఫైతో మాట్లాడుతుంది, ప్రింటర్ వైరుతో మాట్లాడుతుంది. లాన్ కూడా లేకపోతే యూఎస్‌బీ కేబులే.

మరి కొత్తది ఎప్పుడు కొనాలి అంటారా, వైఫై కలవకపోవడం నా దృష్టిలో ఎప్పుడూ కారణం కాదు. డ్రమ్ము, ఫ్యూజర్ పోయి రిపేరు ఖర్చు ప్రింటర్ విలువ దాటితే అప్పుడు, టోనర్ దొరకడం మానేస్తే అప్పుడు. ఆ కాలం లేజర్ మెషీన్లకి టోనర్ మన ఊళ్ళో రీఫిల్ చేసేవాళ్ళున్నారు, ప్రింట్ నల్లగా కడిగినట్టు వస్తుంది, మీది ఇంకా అలాగే వస్తుంటే దాన్ని వదులుకోకండి.

ముందుగా స్మార్ట్ కనెక్ట్ ఆఫ్ చేసి, 2.4ని డబ్ల్యూపీఏ2కి పెట్టి, ప్రింటర్‌ని కలిపి, కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. అయినా రాకపోతే ఆ పేజీలో వైఫై పేరు, సిగ్నల్, ఐపీ ఈ మూడు లైన్లూ, మీ రౌటర్ అడ్రస్సూ ఇక్కడ రాయండి, పాస్‌వర్డ్ మాత్రం రాయకండి. రాత్రి షాపు కట్టేశాక తొమ్మిదిన్నర తర్వాత చూసి చెప్తాను.